ఎడమకు ఒరిగిన సైకిలు గీర

ఆ సైకిలు నా చేతికి వచ్చేనాటికే ఇద్దరి కింద పనిచేసి వచ్చింది. మొదటివాడు ఎవరో తెలియదు. రెండోవాడు కామారెడ్డి తాలూకాలో గిర్దావరు. ఊరూరూ తిరిగి పంటలు, హద్దులు చూసే ఉద్యోగం కాబట్టి ఆ సైకిలు ఎక్కని బండ్లబాట లేదు. ఆయన బదిలీ మీద వెళ్తూ దాన్ని అమ్మేశాడు. యుద్ధం మొదలై అప్పటికి రెండేళ్లు దాటింది. ఇంగ్లండు నుంచి కొత్త సైకిళ్లు రావడం దాదాపు ఆగిపోయింది. పాతదైనా దొరకడమే గొప్ప అని దోమకొండలో ఉండే మా మేనమామ మధ్యలో ఉండి నాకు ఇప్పించాడు. రంగు వెలిసిపోయింది. గంట మోగదు. తొక్కేటప్పుడు ముందు గీర కొద్దిగా ఎడమకు, మళ్లీ కొద్దిగా కుడికి ఊగేది. మా వైపు చక్రాన్ని గీర అంటాం. ఆ ఊగుడు సంగతి అడిగితే గిర్దావరు, "తొక్కంగ తొక్కంగ పోతది" అన్నాడు. తొక్కంగ తొక్కంగ అది పెరిగింది.

సీటు వెనుక ఒక చిన్న తోలు సంచి వేలాడేది. అందులో ఒక పానా, ఒక రబ్బరు ముక్క, రూపాయి బిళ్లంత ఇనుప బిళ్ల ఒకటి ఉన్నాయి. బిళ్ల అంచు చుట్టూ చిన్న చిన్న గాట్లు. అది దేనికో నాకు తెలియదు, మా మేనమామకూ తెలియదు. చూడటానికి బాగుందని మా అవ్వ దాన్ని ఇంటి తాళంచెవికి కట్టింది. మా ఇంట్లో అమ్మను అవ్వ అనే పిలిచేవాళ్లం. ఆ తాళంచెవి నా మొలతాడుకు ఉండేది.

ఇక నాకు సైకిలు ఎందుకో చెప్పాలి. మాది ఎల్లారెడ్డి. అక్కడి అదాలతులో వాదించే ఒక వకీలు తన ఇంటి ముందు గదిని ఊరి వాళ్ల చదువుకు వదిలిపెట్టాడు. గోడకు ఒక బీరువా, కింద రెండు జంపఖానాలు, ఒక కందిలి. హైదరాబాదులో అచ్చయ్యే తెలుగు పత్రిక వారానికి రెండుసార్లు వచ్చేది. తపాలాలో అయితే కొత్తది అచ్చయ్యే వేళకు పాతది మా ఊరు చేరేది. యుద్ధం వార్తలు పాచిపోయాక చదివి ఏం లాభమని గదిలో కూర్చునేవాళ్లది ఒకటే పోరు. రైలు కామారెడ్డి వరకు తెచ్చిన కట్ట అక్కడి నుంచి పాతిక మైళ్లు దాటడానికే అన్ని రోజులు పట్టేది. పెట్రోలు కరువై బస్సు ఏ రోజు వస్తుందో, ఏ రోజు రాదో డ్రైవరుకే తెలిసేది కాదు.

అప్పుడు నేను ముందుకు వచ్చాను. ముందు రోజు సైకిలు మీద కామారెడ్డి పోయి, స్టేషనులో పడుకుని, పొద్దుటి రైలులో దిగిన కట్ట తీసుకుని, ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఎల్లారెడ్డిలో ఉంటానని చెప్పాను. వకీలు నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"రెండు నెలలు సూస్తం. ఒకపారి తప్పితే ఓర్సుకుంటం. రెండోపారి తప్పితే పాత తొవ్వనే. తపాలల వచ్చినప్పుడే సదువుకుంటం. సమజైందా?"

"అయింది, వకీలు సాబు."

ఈ పని తప్పితే నాకు ఉన్న దారి మా మేనమామ దుకాణం ఒక్కటే. దోమకొండలో గ్యాసు నూనె, అంటే కిరసనాయిలు, కొలిచి పోయడం. అది తప్పు పని కాదు. కాని ఈ పనిలో ఇంకొకటి ఉంది. అది నేను వకీలుకు చెప్పలేదు. కట్ట నా చేతికి రాగానే ఒక ప్రతిని పైనుంచి లాగి, తాడ్వాయి దాటాక ఎక్కడో ఒకచోట సైకిలు ఆపి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకు చదివేవాణ్ణి. ఎల్లారెడ్డి మొత్తంలో ఆ పత్రికను అందరికంటే ముందు చదివేది నేనే. ఆ గంట కోసమే రెండు రోజులు తొక్కేవాణ్ణి అంటే అబద్ధం కాదు.

మొదటి తప్పు మొదటి నెలలోనే జరిగింది. లింగంపేట దగ్గర టైరు చీలి, నడిపించుకుంటూ వచ్చేసరికి గదిలో అందరూ లేచి వెళ్లిపోయారు. వకీలు ఒక వేలు చూపించాడు, అంతే.

అంతకు ముందే కామారెడ్డిలో గీర ఊగుడును ఒకసారి సరిచేయించాను. స్టేషను దారిలో ఒక ముసలి మేస్త్రీ రేకుల కింద కూర్చుని సైకిళ్లు బాగుచేసేవాడు. సైకిలును తలకిందులు చేసి, గీరను ఒక్కసారి తిప్పి చూసి, పుల్లల దగ్గర ఏదో తిప్పాడు. గీర నడుమ నుంచి అంచుకు పోయే సన్నని ఇనుప కడ్డీలనే పుల్లలు అనేవాళ్లం. "దేఖ్ బేటా, నేర్సుకో. తొవ్వల పాడైతే నీకెవడు చేస్తడు?" అన్నాడు. నేను తల ఎత్తకుండానే "అచ్చా చాచా" అన్నాను. ఆ రోజు తాడ్వాయి దాకా ఆగలేక అప్పుడే కట్ట విప్పాను. చేతిలో పేపరు ఉంది. నేను రెండో పేజీకి వచ్చేసరికి ఆయన పని అయిపోయింది.

దీపావళి వెళ్లాక వచ్చిన కృష్ణపక్షంలో, త్రయోదశి సాయంత్రం, ఇంటికి రెండు మైళ్ల దూరంలో ఉన్న వాగు దిగుతుంటే ముందు గీర బండ్లు కోసిన గాడిలో దిగబడింది. నేను పక్కకు పడ్డాను. కట్ట తడవలేదు. గీర మాత్రం ఎడమకు ఒరిగి, గీరను రెండు వైపులా పట్టుకునే చిమటాకు రాసుకుంటోంది. భుజాన ఎత్తుకుని పరుగులాంటి నడకతో వచ్చి దీపం పెట్టేసరికి కట్ట ఇచ్చాను. ఆనాటికి గండం గడిచింది. మరునాడు చతుర్దశి ఇంటి దగ్గరే. ఆ మరునాడు అమావాస్య. నేను మళ్లీ కామారెడ్డికి బయలుదేరాలి. నడిచి పోవచ్చు, కాని పాడ్యమి నాడు కట్ట తీసుకుని నడిచి వచ్చేసరికి ఊరు పడుకుంటుంది. ఎల్లారెడ్డిలో ఇంకో సైకిలు అదాలతు గుమాస్తాది. ఆయన పంపు కూడా ఎవరికీ ఇచ్చేవాడు కాదు.

చతుర్దశి పొద్దున్నే సైకిలు తీసుకుని వడ్లాయన ఇంటికి వెళ్లాను. బండ్లు, నాగళ్లు చేసే వడ్రంగిని మేము వడ్లాయన అంటాం. ఆయన చేసిన బండి గీర పదేళ్లయినా పట్టు వదలదని చుట్టుపక్కల పేరు. లింగంపేట నుంచి కూడా వచ్చేవారు. వరస కలిపి నేను మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు.

ఆయన సైకిలు చుట్టూ ఒకసారి తిరిగాడు. పుల్లలను వేళ్లతో తడిమాడు.

"సీపురు పుల్లలంత లేవు. దీని మీద మనిషి ఎట్ల కూసుంటడు అల్లుడా?"

"కూసుంటనే ఉన్న మామా. సరైతదా?"

"గీర ఏదైన గీరనే. నడుమ కుండ ఉన్నది, ఆకులు ఉన్నయి, అంచున పట్ట ఉన్నది. ఎందుకు సరిగాదు?"

బండి గీరకు నడుమ ఉండే లావు మొద్దును కుండ అని, దాని నుంచి అంచుకు పోయే కర్రలను ఆకులు అని అంటారు. సైకిలు పుల్లలూ ఆయన కంటికి ఆకులే. సగం పుల్లలు కుండ ఎడమ పక్క నుంచి, సగం కుడి పక్క నుంచి అంచుకు పోతున్నాయని క్షణంలో కనిపెట్టాడు. పుల్ల చివర ఉన్న చిన్న మరను తిప్పితే పుల్ల బిగుస్తుందని కూడా కనిపెట్టాడు. ఆ మర తిప్పడానికి ఒక ఇనుప పట్టీని ఆకురాయితో అరగదీసి గాటు పెట్టాడు. ఆ తెలివికి నేను ఆశ్చర్యపోయాను. తరువాత చేసిన ఆలోచనలోనూ తప్పు పట్టేందుకు నాకు ఏమీ కనబడలేదు.

"గోడ ఎడమకు ఒరిగితే దన్ను ఎటు పెడతం?"

"ఎడమ దిక్కే."

"మరి ఇది ఎడమకు ఒరిగింది. ఎడమ దిక్కు పుల్లలను గట్టిజేస్తే, దన్ను లెక్క నిలవడి కుడికి నూకుతయి."

ఎడమ పుల్లలను బిగించాడు. గీర ఇంకా ఎడమకు వచ్చింది. దన్ను సరిపోలేదనుకుని ఇంకా బిగించాడు. మధ్యాహ్నానికి అది చిమటాకు రాసుకోవడం కాదు, అసలు తిరగడమే మానేసింది. బండి పని మీద వచ్చిన ఇద్దరు రైతులు చుట్టలు కాలుస్తూ అరుగు మీద కూర్చుని చూశారు. "వడ్లాయన చేతుల గీర ఓడిపోయిందిరో" అని ఒకడు అన్నాడు. సాయంత్రానికి ఆ మాట మాకంటే ముందే వకీలు గదికి చేరింది.

అమావాస్య నాడు తెల్లవారగానే మళ్లీ వెళ్లాను. వాకిలి ఊడ్చి, అలికి ఉంది. బాడిస, ఉలి, రంపం, సుత్తి అన్నీ కడిగి, బొట్లు పెట్టి, లోపల మూలన వరసగా పెట్టారు. అప్పుడు గుర్తొచ్చింది. అమావాస్య నాడు వాళ్ల కులం వాళ్లు పనిముట్టు ముట్టరు. ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి, నా తొందరలో నాకే తట్టలేదు.

"మామా, పొద్దు నెత్తి మీదికి వచ్చేలోపల నేను బైలెల్లాలె. ఈసారి తప్పితే నా పని పోతది. దోమకొండల గ్యాసు నూనె పోసుకుంట కూసుంట."

"నీ పని పోతది, సరే. అమాస నాడు నేను పనిముట్టు పడితే నన్ను కులంల ఎవడు రానిస్తడు?"

ఆయన భార్య లోపలి నుంచే అందుకుంది. "నిన్న పట్టినవ్ గదా. పట్టి ఏం జేసినవ్? గీరను సంకురాత్రి సకినం లెక్క మెలిదిప్పినవ్."

"నువ్వు ఊకో."

"నేను ఊకుంట. ఊరు ఊకుంటదా?"

ఆయన ముఖం మాడింది. అరుగు మీద కూర్చుని దూరంగా చూస్తున్నాడు. నేను చేసేది లేక సైకిలును వాకిట్లో తలకిందులుగా నిలబెట్టి, ఊరికే పుల్లలను చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఆయన లేచి వచ్చాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, గీర చుట్టూ వంగి వంగి చూశాడు. పని చేయని రోజున ఆయన దేన్నైనా అంతసేపు చూడటం నేను మొదటిసారి చూశాను. చేతిలో సుత్తి ఉంటే ఈపాటికి ఎక్కడో ఒకచోట కొట్టేవాడు.

చివరికి ఒక చేయి ముందుకు వచ్చింది. చూపుడు వేలి గోరుతో ఒక పుల్లను మీటాడు. టింగుమంది.

"ముట్టనంటివి గద మామా?"

"గోరు పనిముట్టు గాదు."

"నోరు గూడ గాదు. నిన్నటి సంది అదొక్కటే పనిజేస్తున్నది," అంది అత్త చేటతో వాకిట్లోకి వస్తూ.

ఆయన వినిపించుకోలేదు. పక్క పుల్లను మీటాడు. అది కుడి పక్కది. డబ్బుమని చప్పగా పలికింది. మళ్లీ ఎడమది, సన్నగా, గట్టిగా మోగింది. గీర చుట్టూ అలా మీటుకుంటూ పోయాడు. తరువాత నా వైపు తిరిగాడు.

"అల్లుడా, బండి ఆకును కొడితే ఎట్ల పలుకుతది?"

"ఠక్కుమంటది."

"మరి ఇది?"

"తీగె లెక్క."

"బరువు మోసే కర్ర గిట్ల మోగదు. గుంజి కట్టిన తాడే మోగుతది." ఇంకోసారి మీటాడు. "ఇవి ఆకులు గావురా. ఇవి తాళ్లు. నిన్నటి సంది నేను తాడును దన్ను పెడుతున్న."

నాకు ఇంకా అర్థం కాలేదు. ఆయన పెళ్లి పందిరి ఉదాహరణ చెప్పాడు. పందిరి గుంజ ఎడమకు ఒరిగితే తాడు వేసి ఎటు లాగి కడతాం? కుడికి. మరి నిన్న ఎటు లాగాం? "ఎడమకే గుంజిన" అని ఆయనే అన్నాడు. పుల్ల తోయదు, లాగుతుంది. ఎడమకు వచ్చిన చోట కుడి పుల్లలను బిగించాలి, ఎడమవి వదలాలి. అంతే సంగతి.

సంగతి తెలిసింది, తిప్పడానికి ఏదీ? నిన్న గాటు పెట్టిన ఇనుప పట్టీ లోపల బాడిస పక్కనే ఉంది. దానికీ బొట్టు పెట్టారు. నేను తిప్పుతాను ఇవ్వమన్నాను. "దేవుని ముందర పెట్టినదాన్ని ఎట్ల ఇస్త?" అన్నాడు. నా పానా ఆ మరకు మరీ పెద్దది. వేళ్లతో తిప్పి చూశాను. తోలు లేచింది కాని మర కదలలేదు. ఎండ వాకిట్లో సగం దాకా వచ్చింది.

"అదేంది నీ మొలతాడుకు?" అంది అత్త.

"ఇంటి తాళంచెవి."

"తాళంచెవి నాకూ కండ్లవడుతున్నది. దాని పక్కనున్న బిళ్ల?"

ఆ బిళ్లను విప్పి, గాట్లలో ఒకదాన్ని మరకు ఆనించాను. ఒకటి పెద్దదైంది, ఒకటి చిన్నదైంది, మూడోది అచ్చు గుద్దినట్టు పట్టింది. కామారెడ్డి మేస్త్రీ చేతిలో ఆనాడు ఉన్నది ఇలాంటిదే అయి ఉంటుంది. నేను చూసి ఉంటే తెలిసేది. రెండు నెలలుగా ఆ పనిముట్టును నడుముకు కట్టుకుని తిరిగాను.

ఆ తరువాత రెండు మూడు గంటలు ఆయన చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాడు, గోరు తప్ప. చిమటాకు ఒక జొన్న పుల్ల కట్టించాడు. గీర తిరుగుతుంటే ఎక్కడ ఆ పుల్లకు తగులుతుందో అక్కడ ఆపమన్నాడు.

"ముందుగాల ఎడమది వదులు జెయ్యి. అర మలుపు. ఇప్పుడు కుడిది. అర మలుపే, ఆగు! నాగలి కర్రు దిగగొడుతున్నవా? గంత బలమెందుకు?"

నేను తిప్పడం, ఆయన మీటడం. ఒక పుల్ల చప్పగా పలికితే ఇంకో పావు మలుపు. మరీ సన్నగా పలికితే వెనక్కి. చెవి పుల్లల మీద, కన్ను జొన్న పుల్ల మీద. మధ్యాహ్నానికి గీర తిరిగింది. పూర్తిగా సరి కాలేదు. ఒకచోట జొన్న గింజంత ఊగుడు మిగిలింది. దాన్ని కూడా తీద్దామని నేను బిళ్ల ఆనిస్తే ఆపాడు. "ఆశకు పోకు. ఎక్కి పో."

అమావాస్య నాడు ప్రయాణమేమిటని అవ్వ నసిగింది. రొట్టెలు మూట కట్టి ఇచ్చింది కూడా. కామారెడ్డి చేరేసరికి పొద్దు గూకింది. మరునాడు పొద్దుటి రైలులో కట్ట దిగింది. ఆ రోజు దారిలో ఆగి పేపరు చదవలేదు. అలా చదవకుండా వచ్చింది ఆ ఒక్కసారే. ప్రతి గాడి దగ్గరా దిగి నడిపించాను. వాగు దాటేటప్పుడు సైకిలును ఎత్తుకున్నాను.

వకీలు గదిలో కందిలి అప్పుడే వెలిగించారు. పది పన్నెండు మంది ఉన్నారు. వడ్లాయన కూడా గడప పక్కన కూర్చున్నాడు. ఆయనకు చదువు రాదు, యుద్ధం వార్తలు ఎవరైనా చదివితే వినేవాడు. వకీలు కట్ట విప్పి తారీఖు చూసుకుని తల ఊపాడు.

"వచ్చినవన్నమాట. గీర వంకరైందని విన్న. ఎవరు సరిజేసిండ్రు? నిన్న అమాస గదా?"

గది నా వైపు చూసింది. వడ్లాయన తన చూపుడు వేలి గోరు చూసుకుంటున్నాడు. ఆయన చేశాడంటే అమావాస్య నాడు పని పట్టినట్టు అవుతుంది. కులం వాళ్లు గదిలోనే ఇద్దరున్నారు.

"నేనే తిప్పిన, వకీలు సాబు."

"శాబాష్! వడ్లాయన చెడగొట్టిన గీరను పిల్లగాడు బాగుజేసిండన్నట్టు." గదిలో నవ్వు లేచింది. వడ్లాయన కూడా నవ్వాడు. "ఇగ రెండు నెలల దాకా సూసుడేంది, పత్రిక పని నీదే" అని వకీలు పేపరు తెరిచి చదవడం మొదలుపెట్టాడు. నాకు ఆ రోజు వార్తలు ఒక్కటీ తలకెక్కలేదు.

మరునాడు వడ్లాయన ఇంటికి వెళ్లాను. బాడిస పట్టి నాగలి చెక్కుతున్నాడు.

"మామా, నీ పేరు జెప్తే నీకు తిప్పలైతదని..."

"ఎరికే. జెప్తే దండుగ ఏస్తుండిరి. మంచిగనే జేసినవ్." చెక్కు ఒకటి ఎగిరి నా కాళ్ల దగ్గర పడింది. ఆయన తల ఎత్తలేదు. "కాని అల్లుడా, జెర ఆగి జెప్తే ఏమైతుండె? గంత జల్దిన జెప్పినవ్."

నేను తరువాత చాలా ఏళ్లు పత్రికల్లో పనిచేశాను. ఇతరులు పంపిన వార్తలు దిద్దడమే ఎక్కువ కాలం నా పని. అక్షరం అక్షరం నిజమైన వాక్యం కనబడినప్పుడు కూడా, ఇందులో ఎవరు లేరు అని ఒకసారి వెతికేవాణ్ణి. ఆ అలవాటు ఎక్కడిదని ఎవరూ అడగలేదు.

నెల తిరగకుండానే అదాలతు గుమాస్తా సైకిలు వెనుక గీర వంగింది. ఆయన దాన్ని నడిపించుకుంటూ సరాసరి మా ఇంటికి వచ్చాడు. నాకు ఆ పని రాదని, వడ్లాయన దగ్గరికి పోదామని అన్నాను.

"ఆయన జెడగొడ్తడంట గదా?"

"రాండ్రి, నేను గూడ వస్త."

వడ్లాయన సైకిలును చూశాడు, గుమాస్తాను చూశాడు. చేయి వెయ్యలేదు.

"ఇయ్యాల తిథి ఏంది?"

"తదియ," అన్నాను.

"అయితే తలకిందులు పెట్టు," అని ఆయన గాటు పెట్టిన ఇనుప పట్టీ కోసం లోపలికి వెళ్లాడు.